ముఖం ఒకచోట, దేహం ఒకచోట: ఫయూమ్ మమ్మీ చిత్రాలు

ఫయూమ్ చిత్రం దేన్ని చూసినా ముందు చూపు కళ్ల మీదికే పోతుంది. పెద్ద పెద్ద నల్లని కళ్లు, కనుపాపలో చిన్న తెల్లటి చుక్క, కొద్దిగా తడిసినట్టుండే రెప్పలు. ఎవరో పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి చూసినట్టే ఉంటుంది. రెండు వేల ఏళ్ల కిందటి మనిషి అంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఆ చిత్రం అసలు ఏమిటో తెలియాలంటే కళ్లను వదిలేసి అంచుల్ని చూడాలి. రంగు పలక చివరిదాకా వెళ్లదు. ఎక్కడో ఆగిపోతుంది, ఆ తర్వాత వట్టి చెక్క కనిపిస్తుంది. కొన్నిటికి పై మూలలు తెగ్గోసి ఉంటాయి. అక్కడక్కడ నల్లటి బంక మరకలు, వాటిలో ఇరుక్కుపోయిన నార బట్ట పోగులు. గోడకు తగిలించిన పలకకు ఇలాంటి మరకలు అంటవు. దాన్ని ఒక మమ్మీ ముఖం మీద పెట్టి, చుట్టూ బట్టతో బిగించి కట్టారు. ఆ సంగతి బొమ్మలో కనిపించదు, అంచులోనే ఉంది.

ఈజిప్టు రోమన్ల చేతిలో ఉన్న రోజుల్లో, ముఖ్యంగా క్రీ.శ. 1 నుంచి 3వ శతాబ్దం దాకా వేసిన ఇలాంటి చిత్రాలు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద సుమారు వెయ్యి ఉన్నాయి. లండన్, పారిస్, కైరో, బెర్లిన్, మాస్కో, న్యూయార్క్, లాస్ ఏంజిలిస్, ఇలా చెల్లాచెదురుగా. వాటిలో ఇప్పటికీ తమ మమ్మీతో కలిసి ఉన్నవి సుమారు వంద మాత్రమే. మిగతావాటికి దేహం ఏమైందో, ఆ మనిషి ఎవరో చెప్పే ఆధారం చాలావరకు పోయింది. ఆ చిత్రాలకు జరిగిన అతి పెద్ద నష్టం ఇదే. పలక ఊడి ఫ్రేములోకి ఎక్కిన క్షణం నుంచి అది పోర్ట్రెయిట్ అయిపోయింది. అంతకుముందు అది ఒక అంత్యక్రియలో భాగం.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఒక మమ్మీ ఉంది. తెలుగువాళ్లలో చాలామంది జీవితంలో చూసిన మమ్మీ అదొక్కటే అయి ఉంటుంది. మమ్మీ అనగానే మనసులో మెదిలేది మాత్రం బంగారు మాస్కు, చారల తలగుడ్డ, ఎవరిదో చెప్పలేని నిశ్చలమైన ముఖం. ఫారోల కాలపు మాస్కు ఉద్దేశమే అది. చనిపోయిన మనిషి ఒసిరిస్ దేవుడితో కలిసిపోయాడు కాబట్టి ముఖం దేవుడి ముఖంలా ఉండాలి. ఫయూమ్‌లో అదే స్థానంలోకి మొటిమ మచ్చలతో, నిన్న దువ్వుకున్న జుట్టుతో ఒక మామూలు మనిషి వచ్చి కూర్చున్నాడు. ఈ మార్పు ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ ఊళ్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

ఫయూమ్ కైరోకి నైరుతి దిక్కున ఉన్న పెద్ద పల్లపు ప్రాంతం. బహ్ర్ యూసుఫ్ అనే కాలువ ద్వారా నైలు నీళ్లు అక్కడికి చేరి ఒక సరస్సులో కలుస్తాయి. అలెగ్జాండర్ తర్వాత ఈజిప్టును ఏలిన టోలమీలు ఆ సరస్సు చుట్టూ నేలను సాగులోకి తెచ్చి, తమ సైన్యంలోని గ్రీకు సిపాయిలకు పొలాలు పంచారు. వాళ్లు అక్కడే స్థిరపడ్డారు, స్థానిక ఈజిప్టు కుటుంబాలతో పెళ్లి సంబంధాలు కలుపుకున్నారు. క్రీ.పూ. 30లో రోమన్లు వచ్చేసరికి రక్తాన్ని బట్టి ఎవరు గ్రీకు, ఎవరు ఈజిప్షియన్ అని చెప్పడం కష్టమైపోయింది. కానీ రోమన్లకు ఆ లెక్క కావాలి, ఎందుకంటే దాని మీదే పన్ను ఆధారపడింది. ఫయూమ్‌లో మామూలు జనం తలకి ఏడాదికి 40 ద్రాక్మాలు కడితే, జిల్లా ప్రధాన పట్టణపు పౌరులుగా నమోదైనవాళ్లకు అందులో సగమే. "6,475 మంది గ్రీకులు" అనే ఒక ప్రత్యేక వర్గం పేరు ఆనాటి పపైరస్ కాగితాల్లో కనిపిస్తుంది. పేరుకు గ్రీకులే, అమ్మమ్మలూ నాయనమ్మలూ ఈజిప్టువాళ్లు. జిమ్నేజియంలో, అంటే గ్రీకు పద్ధతి బడిలో చదువు, గ్రీకు పేరు, రోమ్ ఫ్యాషన్ బట్టలు, ఇవన్నీ ఆ వర్గానికి హోదా మాత్రమే కాదు, చేతిలో ఉన్న సర్టిఫికెట్ లాంటివి.

అందుకే ఈ చిత్రాల్లో బట్టలు, జుట్టు అంత శ్రద్ధగా వేసి ఉంటాయి. రోమ్ నగరంలో రాణులు జుట్టు ఎలా దువ్వుకుంటే కొద్ది రోజులకే ఫయూమ్ ఆడవాళ్లూ అలాగే దువ్వుకునేవారు. నుదుటి మీద గుత్తులుగా ఉంగరాలు తిరిగిన జుట్టు కనిపిస్తే 1వ శతాబ్దం చివరి రోజులని, మగవాడికి ఒత్తైన గడ్డం ఉంటే హేడ్రియన్ చక్రవర్తి కాలమో ఆ తర్వాతో అని నిపుణులు లెక్క కడతారు. చక్రవర్తుల నాణేల మీద, విగ్రహాల మీద ఉన్న జుట్టుతో పోల్చి చూడటమే ఆ లెక్కకు ఆధారం.

ఇదంతా రోమ్, గ్రీసు వేషం. లోపల మాత్రం ఈజిప్టే. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆర్టెమిడోరస్ మమ్మీని చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. 1888లో ఫయూమ్‌లోని హవారాలో దొరికింది. ఎర్ర రంగు పూసిన గట్టి తొడుగు, దాని మీద బంగారు రేకుతో దేవుళ్ల బొమ్మలు. నక్క తల అనూబిస్ శవం పక్కన నిలబడి ఉంటాడు, హోరస్, థోత్ ఉంటారు, మంచం మీద ఒసిరిస్ తిరిగి ప్రాణం పోసుకుంటూ ఉంటాడు. వీటన్నిటికీ పైన, ముఖం ఉండాల్సిన చోట, తెల్లటి రోమన్ దుస్తుల్లో ఒక యువకుడు, తల మీద బంగారు దండ. రొమ్ము మీద గ్రీకులో ఒక మాట రాసి ఉంది: ఆర్టెమిడోరస్, వెళ్లిరా, ధైర్యంగా ఉండు. ఆ ఒక్క ముక్కలోనూ స్పెల్లింగ్ తప్పు ఉంది. ఏ పనివాడి చేతి తప్పో అది, ఇన్నేళ్లూ అలాగే ఉండిపోయింది. సీటీ స్కాన్ తీస్తే లోపల ఉన్నది సుమారు ఇరవై ఏళ్ల కుర్రాడి దేహమే. పుర్రె వెనక భాగంలో మానని పగుళ్లు కనిపించాయి. ఎవరైనా కొట్టారా, లేక మమ్మీ చేసేవాళ్లు మోటుగా పట్టుకున్నారా అన్నది ఎముకలు చెప్పలేకపోయాయి.

ఈ ఒక్క మమ్మీలో గ్రీకు పేరు, రోమన్ బట్టలు, ఈజిప్టు దేవుళ్లు కలిసే ఉన్నాయి. ఇదొక విచిత్రమైన కలగాపులగం అని పాత రచనల్లో కనిపిస్తుంది. ఆ కుటుంబానికి అది విచిత్రమేమీ కాదు. బతికినప్పుడు గ్రీకువాడిగా పేరు, చనిపోయాక ఒసిరిస్ దగ్గరికి ప్రయాణం. రెండూ ఒకే మనిషివి. పలకను ఊడదీసి ఫ్రేములో పెడితే గ్రీకు, రోమన్ సగం మాత్రమే మిగులుతుంది. ఈజిప్టు సగం బట్టల మీద, తొడుగు మీద ఉండిపోతుంది. అందుకే చాలాకాలం ఇవి యూరప్ చిత్రకళకు తొలి అడుగులుగా మాత్రమే కనిపించాయి.

ఇంత ఖర్చు అందరూ పెట్టలేకపోయారు. హవారాలో తవ్వకాలు చేసిన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ లెక్క ప్రకారం అక్కడి మమ్మీల్లో బొమ్మ ఉన్నవి నూటికి ఒకటో రెండో. రోమన్ల కాలంలో దేహాన్ని భద్రపరిచే పనిలో పాత నేర్పు తగ్గి, శ్రద్ధంతా బయటి కట్టు మీదికి మళ్లింది. నార పట్టీలను పొరలు పొరలుగా, వజ్రం ఆకారంలో లోతైన గళ్లు వచ్చేలా అల్లేవారు, ఒక్కో గడి మధ్యలో బంగారు పూత పూసిన చిన్న బొడిపె. పలక ఆ అల్లికలో కిటికీలా కూర్చునేది. పలక పైభాగం ఎలా కోశారో చూస్తే అది ఏ ఊరి మమ్మీదో కూడా చెప్పొచ్చు. హవారా పలకలకు పైన గుండ్రంగా ఉంటుంది, ఎర్-రుబయాత్ పలకలకు మూలలు ఏటవాలుగా కోసి ఉంటాయి, ఆంటినోపోలిస్ పలకలు భుజాల దగ్గర మెట్టులా కట్ చేసి ఉంటాయి. ఒక్కో ఊళ్లో ఒక్కో కట్టే పద్ధతి. కాలక్రమంలో ఏ పలక ఎక్కడిదో రాసి ఉంచని చోట ఈ కోతలే చిరునామా.

ఇక పని తీరు. చాలా చిత్రాలు తేనెమైనంతో వేసినవి. మైనంలో రంగు పొడి కలిపి, కరిగించి, అది గట్టిపడేలోగా పలక మీద పెట్టాలి. తేనెమైనం అరవై డిగ్రీలు దాటితే కరిగిపోతుంది, కుంచె పలకను తాకేసరికి చల్లబడిపోతుంది. అంటే చెయ్యి తడబడటానికి టైమ్ లేదు. దగ్గరగా చూస్తే ఇది కంటికి కనిపిస్తుంది. వెనకనున్న బూడిద రంగు భాగం, బట్టలు వెడల్పు కుంచెతో పొడుగ్గా లాగిన గీతలు. ముఖం దగ్గరికొచ్చేసరికి గీతలు పొట్టివై, చెంప వంపును అనుసరిస్తూ అటూ ఇటూ తిరుగుతాయి. అక్కడ కుంచె కాకుండా లోహపు పనిముట్టుతో మైనాన్ని మెత్తినట్టు తెలుస్తుంది. చెవికి వేలాడే ముత్యం దగ్గర మైనం ముద్దగా, నిజంగానే పొడుచుకొచ్చి ఉంటుంది. దాని పక్కన ఒక్క తెల్లటి చుక్క, ముత్యం మెరిసిపోతుంది. మైనాన్ని నిప్పు మీద కరిగించారా, లేక రోమన్ రచయిత ప్లీనీ చెప్పినట్టు ఉప్పునీళ్లతో మరిగించి మెత్తబరిచి వాడారా అన్నదాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. జంతువుల జిగురులో రంగు కలిపి వేసినవి కూడా చాలానే ఉన్నాయి. అవి మైనం చిత్రాలంత లోతుగా కనిపించవు, గీత ఎక్కువ, నీడ తక్కువ.

రంగులు చూస్తే మన వాకిళ్లకూ గోడలకూ తెలిసినవే. ఎర్రమట్టి, అంటే మన జాజు, పసుపుపచ్చ మట్టి, మసి నలుపు, సీసం నుంచి తీసిన తెలుపు. ఈ నాలుగింటితోనే ముఖం మొత్తం సాధించారని, నీలం వాడలేదని చాలాకాలం అనుకున్నారు, ఎందుకంటే పాత గ్రీకు చిత్రకారుల గొప్పదనం ఈ నాలుగు రంగుల్లోనే ఉందని ప్లీనీ రాశాడు. ఫయూమ్‌లోని టెబ్‌టునిస్ దగ్గర దొరికి ఇప్పుడు కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు హర్స్ట్ మ్యూజియంలో ఉన్న చిత్రాలను 2015 ప్రాంతంలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరీక్షిస్తే లెక్క మారింది. ఈజిప్టు నీలం అనే రంగుకు ఒక గుణం ఉంది. మామూలు వెలుతురు పడితే అది పరారుణ కిరణాలను వెదజల్లుతుంది, తగిన కెమెరాతో తీస్తే తెల్లగా వెలిగిపోతుంది. అలా తీసిన ఫోటోల్లో, కంటికి నీలమే లేనిచోట, ముఖం కింద, బట్టల నీడల్లో ఆ రంగు వెలిగింది. ఎవరికీ కనిపించని చోట ఆ చిత్రకారుడు ఖరీదైన నీలాన్ని అడుగున పెట్టి, పైన తెలుపును చల్లగా మెరిసేలా చేశాడు. పనితనం అంటే ఇదీ.

చెక్క సంగతి ఇంకా ఆశ్చర్యం. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన చెక్కల నిపుణురాలు కెరొలిన్ కార్ట్‌రైట్ గోరంత కూడా లేని పేళ్లు తీసి మైక్రోస్కోప్ కింద చూసి, పలకల్లో నాలుగింట మూడు వంతుల దాకా లిండెన్ చెక్కే అని తేల్చారు. లిండెన్ యూరప్ చెట్టు, ఈజిప్టులో పెరగదు. ఊళ్లోనే మేడి జాతి చెట్టు దండిగా ఉండగా, దానితో చేసిన పలకలూ కొన్ని ఉన్నాయి కూడా, సముద్రం అవతలి నుంచి చెక్క ఎందుకు తెప్పించారు? లిండెన్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్ల మందంలో కోసినా చీలదు, ముఖం వంపుకు తగ్గట్టు వంగుతుంది. మమ్మీ మీద పెట్టి బిగించి కట్టాలంటే అలాంటి పలకే కావాలి. చెక్క ఎంపికలో కూడా దేహమే ముందుంది.

2013లో అమెరికాలోని గెట్టి మ్యూజియం మొదలుపెట్టిన అప్పియర్ అనే ప్రాజెక్టులో పదుల సంఖ్యలో మ్యూజియంలు చేరి ఇలాంటి పరీక్షల ఫలితాలను ఒకచోట చేరుస్తున్నాయి. గెట్టిలోనే హెరాక్లైడెస్ అనే యువకుడి మమ్మీ ఉంది, బొమ్మ ఇంకా దేహం మీదే. అతన్ని చుట్టిన బట్టకు పూసిన ఎరుపు సిందూరం, అంటే సీసం కాల్చి చేసే రంగు. ఆ సీసం స్పెయిన్‌లోని రియో టింటో గనులదని పరీక్షల్లో తేలింది. స్కాన్‌లో ఇంకొకటి బయటపడింది: కట్ల లోపల అతని దేహంతో పాటు ఒక ఐబిస్ కొంగ మమ్మీ. అది థోత్ దేవుడి పక్షి. అది అక్కడ ఎందుకుందో వివరించే మరో ఉదాహరణ లేదు. దాన్ని ఎవరు పెట్టమన్నారో, ఆ కుర్రాడు బతికి ఉండగా థోత్ గుడితో ఏ సంబంధం ఉండేదో, ఈ ప్రశ్న అడగగలుగుతున్నామంటేనే దేహం మిగిలి ఉంది కాబట్టి.

వేసింది బతికి ఉండగానా, చనిపోయాకా? ఈ వాదన వందేళ్లకు పైబడింది. చిత్రాల్లో ఎక్కువమంది యువకులే, ముసలివాళ్లు అరుదు. అందుకని వయసులో ఉండగా వేయించుకుని, ఇంట్లో గోడకు పెట్టుకుని, పోయాక మమ్మీకి వాడారని కొందరు అన్నారు. హవారాలోనే పెట్రీకి చెక్క ఫ్రేముతో సహా ఒక చిత్రం సమాధిలో దొరికింది, అది గోడకు తగిలించే రకం. కానీ స్కాన్ తీసిన మమ్మీల్లో చాలావాటికి దేహం వయసూ బొమ్మ వయసూ కలిసిపోతున్నాయి. రోమన్ ఈజిప్టులో జనాభా లెక్కల పపైరస్‌లను బట్టి పుట్టినప్పటి సగటు ఆయుర్దాయం ఇరవై రెండు నుంచి ఇరవై అయిదేళ్లు అని అంచనా, శిశు మరణాలు అంత ఎక్కువ. అంతా కుర్రవాళ్లే కనిపించడానికి కారణం వెతకాల్సిన పనేముంది, పోయింది కుర్రవాళ్లే. మ్యూనిక్‌లో ఉన్న ఒక మూడు నాలుగేళ్ల పిల్లవాడి మమ్మీని స్కాన్ చేసి, పుర్రె ఆధారంగా ముఖాన్ని మళ్లీ తయారు చేసి 2020లో ప్రచురించారు. బొమ్మలోని ముఖానికి దగ్గరగానే వచ్చింది, కానీ బొమ్మలో పిల్లవాడు కాస్త పెద్దవాడిలా ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నిమోనియా జాడలు కనిపించాయి. ఆ పిల్లవాణ్ని కొంచెం పెద్దచేసి గీయడం ఆనాటి చిత్రకారుల అలవాటో, తల్లిదండ్రుల కోరికో తేల్చడం కష్టం. ఇంట్లో ఎవరైనా పోయాక ఏ ఫోటోకి దండ వెయ్యాలా అని ఆల్బమ్‌లు తిరగేసిన కుటుంబాలకు ఈ తికమక కొత్త కాదు. టెబ్‌టునిస్‌లో దొరికిన ఒక పలక మీద ముఖం స్కెచ్ గీసి, బట్టలకూ నగలకూ ఏ రంగు వెయ్యాలో పక్కన గ్రీకులో రాసుకున్న నోట్స్ ఉన్నాయి. మనిషి ఎదుట కూర్చుని గబగబా గీసుకున్నట్టుంది అది. కాబట్టి అందరికీ ఒకే జవాబు వెతకడం వృథా. ఒక్కో కుటుంబం తనకు వీలైనట్టు చేసుకుంది.

ఈ చిత్రాలు బయటపడిన తీరు కూడా వాటి తలరాతను మార్చింది. ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే 1615లో కైరో దగ్గరి సక్కారాలో రెండు మమ్మీలను కొని యూరప్ తీసుకెళ్లాడు, అవి ఇప్పుడు జర్మనీలో డ్రెస్డెన్‌లో ఉన్నాయి. అసలు కదలిక 1887లో. ఎర్-రుబయాత్ దగ్గర స్థానికులకు చాలా చిత్రాలు దొరికాయి. వియన్నాకి చెందిన వ్యాపారి థియొడోర్ గ్రాఫ్ వాటిని కొని, ఊరూరా ఎగ్జిబిషన్లు పెట్టి అమ్మాడు. నాణేల మీది ముఖాలతో పోల్చి ఇవి టోలమీ రాజకుటుంబానివి అని ప్రచారం సాగింది. అది నిలబడలేదు, కానీ గిరాకీ పెరిగింది. అమ్మకానికి పలక చాలు, మమ్మీ అక్కర్లేదు. దేహాలు ఎక్కడ పారేశారో ఎవరూ రాసి ఉంచలేదు.

1888లో పెట్రీ హవారాలో తవ్వకాలు మొదలుపెట్టాడు. అతని లక్ష్యం మూడో అమెనెమ్‌హాత్ పిరమిడ్, దాని పక్కనున్న పెద్ద కట్టడం. రోమన్ల శ్మశానం మధ్యలో అడ్డుపడింది, మొదటి సీజన్‌లోనే 81 బొమ్మల మమ్మీలు దొరికాయి. వాటిని అదే ఏడాది లండన్ పికడిల్లీలో ప్రదర్శనకు పెడితే జనం విరగబడ్డారు. పొడిబారి రాలిపోతున్న రంగును ఆపడానికి అతను కరిగించిన మైనం పోసి అంటించాడు. దానివల్ల రంగు నిలిచింది, ఏ మైనం పాతదో ఏది పెట్రీదో తేల్చలేక ఇప్పటి శాస్త్రవేత్తలు తలలు పట్టుకుంటున్నారు. ఎక్కడ ఏది దొరికిందో రాసుకున్నాడు, కొన్నిటికి పుర్రెలు కూడా దాచాడు, గ్రాఫ్ కంటే అతను ఎంతో నయం. అయినా అతను ఆ ముఖాల్లో వెతికింది జాతులను. ఇది గ్రీకు ముక్కు, అది సెమిటిక్ ముఖం అని విడగొట్టే ఆలోచన ఆ కాలంలో సైన్స్ పేరుతోనే చెలామణి అయ్యింది. తర్వాత ఆ కాలపు మమ్మీల పళ్ల నిర్మాణం పరిశీలిస్తే అది గ్రీకులకంటే పూర్వపు ఈజిప్టువాళ్లకే దగ్గరగా ఉందని తేలింది. ముఖం చూసి చెప్పిన జాతి పన్ను కోసం రాయించుకున్న జాతిలాంటిదే.

3వ శతాబ్దం గడిచేకొద్దీ ఈ అలవాటు సన్నగిల్లింది. డబ్బు తగ్గింది, క్రైస్తవం పెరిగింది, శవాలను పూడ్చే పద్ధతి మారింది. మైనం పని మాత్రం చావలేదు. సినాయ్ ఎడారిలోని సెయింట్ కేథరిన్ మఠంలో 6వ శతాబ్దపు క్రీస్తు చిత్రం ఉంది, తేనెమైనంతోనే వేసినది, కళ్లు అవే.

2022 డిసెంబర్‌లో ఈజిప్టు పురావస్తు శాఖ ఫయూమ్‌లోని పాత ఫిలడెల్ఫియా పట్టణపు శ్మశానంలో మళ్లీ ఇలాంటి చిత్రాలు దొరికినట్టు ప్రకటించింది. పెట్రీ 1911లో హవారా వదిలి వెళ్లాక ఫయూమ్ తవ్వకాల్లో ఇవి బయటపడటం అదే మొదటిసారి అని చెప్పారు. ఈసారి పలకను మాత్రమే ఎవరూ పట్టుకుపోరు. ఏ గుంతలో, ఏ దేహం పక్కన, ఏ లోతులో ఉందో అంతా నమోదవుతుంది.

హవారాలో పెట్రీ చివరి సీజన్‌లో, 1911లో, దొరికిన ఒక మమ్మీ మాత్రం మొదటి నుంచీ చెక్కుచెదరలేదు. బొమ్మ నార బట్ట మీదే వేసి ఉంది, పలక లేదు. పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపు అమ్మాయి, పాలిపోయిన ముఖం, మధ్యపాపిట, చెవులకు ముత్యాలు. మెడ పక్కన గ్రీకులో పేరు: హెర్మియోనే గ్రమ్మతికే. గ్రమ్మతికే అంటే పాఠాలు చెప్పే పంతులమ్మ అని కొందరు, చదువుకున్న స్త్రీ అని కొందరు అంటారు. ఈ చిత్రాలన్నిటిలోనూ ఒక ఆడపిల్లకు చదువే బిరుదుగా రాసింది ఈ ఒక్కచోటే. పెట్రీ ఆమెను కేంబ్రిడ్జిలో ఆడవాళ్ల కోసం కట్టిన గర్టన్ కాలేజీకి ఇచ్చాడు. ఎవరూ కట్లు విప్పలేదు, లోపల ఏముందో ఎక్స్‌రేతోనే చూశారు. హెర్మియోనే ఇప్పటికీ అక్కడే ఉంది, ముఖమూ దేహమూ ఒకేచోట.